సొట్ట తీసిన రాగి ముక్క

నరసరావుపేటలో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. ఆ కొట్టులో ఆడుకుంటూ పెరిగిన నేను హైదరాబాదు పోయి చేసే ఉద్యోగం లోహాలకు సొట్టలు పెట్టటం. హాస్యానికి అనటం లేదు, నిజంగా అదే పని. గ్యాస్ ఒత్తిడితో పేలే పెద్ద తుపాకీ ఒకటుంది మా ల్యాబ్‌లో. బొటనవేలంత రాగి ముక్కని అందులో పెట్టి ఎదురుగా ఉన్న ఉక్కు దిమ్మెకేసి కొడతాం. ముక్క మూతి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. నెమ్మదిగా నొక్కితే ఒకలా వంగే లోహం, అంత వేగంగా తగిలితే ఇంకోలా ఎందుకు వంగుతుంది, లోపలి రేణువులు ఎలా నలుగుతాయి అన్నది నా పరిశోధన. పెళ్ళిళ్ళలో పెద్దమ్మలు "ఏం ఉద్యోగమే" అంటే ఇదంతా చెప్పే ఓపిక లేక "ల్యాబ్‌లో" అనేదాన్ని. వాళ్ళు రక్తపరీక్షలనుకుని తమ షుగర్ గురించి చెప్పటం మొదలుపెట్టేవాళ్ళు.

ముక్క తిన్నగా తగలటం మహా కష్టం. వెంట్రుకవాసి వంకర పోయినా పనికిరాదు. నెలల తరబడి వంకర ముక్కలు చూసి చూసి విసిగాక, ఒక్కటి ముచ్చటగా, నిటారుగా తగిలింది. దాన్ని నిలువునా కోసి మైక్రోస్కోపు కింద చూస్తేనే నా పేపరు పూర్తయ్యేది. సోమవారం గుంటూరులో ఆ ఏర్పాటు కుదిరింది. శనివారమే ఇంటికొచ్చి, ముక్కని చేతిరుమాల్లో చుట్టి బల్ల మీద పెట్టి, పిడుగురాళ్ళలో స్నేహితురాలి గృహప్రవేశానికి వెళ్ళాను.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. సొట్టపడ్డ వస్తువు మా కొట్టు గడప దాటదు. బిందె కొన్న మనిషి బస్టాండుకి పోయేలోపు ఎక్కడో తగిలించుకుని వెనక్కొచ్చినా, నాన్న మారుమాట్లాడకుండా తీసుకుంటాడు. కొట్టు వెనక సొట్టలు తీసే బాబాయి ఒకాయన ఉంటాడు. ఆయన చేత నునుపు చేయించి ఇస్తాడు. నకరికల్లు నుంచి కూడా మా దగ్గరికే వస్తారంటే అందుకే.

ఆదివారం మధ్యాహ్నం నేను తిరిగొచ్చేసరికి నాన్న చాలా హుషారుగా ఉన్నాడు. "చూడమ్మాయ్" అని రుమాలు విప్పాడు. నా రాగి ముక్క ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిన్నగా, కొత్త కడ్డీలా ఉంది. పైగా అమ్మ చింతపండు పెట్టి తోమిందట, మెరిసిపోతోంది.

"బస్సులో ఎక్కడో నలగ్గొట్టుకున్నట్టున్నావు. ఆఫీసు వస్తువు, నిన్ను ఏమన్నా అంటారని బాబాయి చేత తీయించా. చానా మొండిగా ఉందంట, బొగ్గుల్లో ఎర్రగా కాల్చి కొట్టాల్సొచ్చింది" అన్నాడు.

కాల్చారు అనేసరికి నా చివరి ఆశ కూడా పోయింది. దెబ్బకి రేణువులు ఎలా నలిగాయో చెప్పే గుర్తులన్నీ అంత సెగకి చెరిగిపోతాయి. నేను కోపం దాచుకునే మనిషిని కాను. అడక్కుండా ఎందుకు ముట్టుకున్నావని, ఆ సొట్టే నా పరిశోధన అని వీధి వినేలా అరిచాను. అమ్మ మెల్లగా వంటింట్లోకి జారుకుంది.

నాన్న ముక్కని అటూ ఇటూ తిప్పి, "కావాలని సొట్ట పెట్టుకుంటారా ఎవరన్నా?" అన్నాడు, నిజంగానే అర్థం కాక.

ఆ ముఖం చూసి నాకు నవ్వాగలేదు. ఏడవాల్సిన చోట నవ్వు మొదలైతే ఆపటం కష్టం. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతుంటే అమ్మ తలుపు చాటునుంచి "దీనికేమైందండీ" అంది. నాన్న మాత్రం నవ్వలేదు.

"మళ్ళా చెయ్యాలంటే ఏంది?"

"తుపాకీ దగ్గర నా వంతు రావాలి. వచ్చాక తిన్నగా తగలాలి."

"ఆ రోజు నేనూ వస్తా" అన్నాడు.

వంతు వచ్చేసరికి ఎండలు ముదిరాయి. మా పెద్దసారుని బతిమాలి నాన్నని లోపలికి తీసుకెళ్ళాను. మందపాటి అద్దం వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఢామ్మని మోగింది. "అయిపోయిందా? నాకేం కనపళ్ళా" అన్నాడు. కెమెరాలో నెమ్మదిగా వేసి చూపించాను. రాగి మూతి ఉక్కుని ఆనుకుని చపాతీ ముద్దలా పరుచుకుంటుంటే "మళ్ళా వెయ్యి, మళ్ళా వెయ్యి" అంటూ చూశాడు. ముక్క చల్లారాక ఇస్తే రెండు చేతులతో అందుకున్నాడు.

"సరిపోను పడిందా తల్లీ, సొట్ట? తక్కువైతే ఇంకోసారి కొట్టమందామా?"

ఏళ్ళ తరబడి సొట్టలు తీయించిన మనిషి అంత దిగులుగా అడుగుతుంటే, ఆయన్ని కొలత బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. కొలిచి చూశాం. తిన్నగానే తగిలింది.

ఈసారి ఇంటి గడప తొక్కకుండా ముక్కని నేరుగా గుంటూరు పట్టుకెళ్ళాను. కోసిన రోజు నాన్న ఫోన్ చేశాడు. "కోశారా? లోపల ఎట్టా ఉంది?"

నా పనిలో ఏముందని ఇంట్లోవాళ్ళు అడగటం అదే మొదటిసారి. సంతోషం పట్టలేక రేణువుల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పుకుంటూ పోయాను. అవతల ఎవరో ఆడమనిషి బిందె ఎంతని అడుగుతోంది.

"కాసేపాగమ్మా" అంటున్నాడు నాన్న. "మా అమ్మాయి సొట్ట గురించి చెబుతా ఉంది."