చూడ్డానికి మాత్రమే

మా పక్కింటావిడని వీధంతా రిజిస్టరమ్మ అంటుంది. బ్లడ్ బ్యాంకులో గుమస్తా. ఎవరిది ఏ గ్రూపో, ఎప్పుడు రక్తమిచ్చారో, ఎవరికి సూది చూస్తే కళ్లు తిరుగుతాయో, అన్నీ ఒక కంప్యూటర్లో, తను స్వయంగా కట్టుకున్న డేటాబేస్‌లో పద్దెనిమిదేళ్లుగా రాసుకొచ్చింది. ఆ జాబితా ఆవిడకి కన్నబిడ్డతో సమానం.

చిక్కల్లా ఒకటే. ఇద్దరు ఒకేసారి తెరిస్తే ఆ ఫైలు మొరాయించేది. అందుకని పైవాళ్లు దాన్ని సర్వర్ మీద నడిచే కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చమన్నారు. అందరూ ఒకేసారి వాడుకోవచ్చట, కొనక్కర్లేదట, లోపల ఎలా తయారైందో కూడా ఎవరైనా చూడొచ్చట. "ఊరికే ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారా!" అని నోరెళ్లబెట్టాను. ఆ పని ఒప్పుకున్నది ఎవరో కాదు, ఆవిడ మరిది. ఈవిడ చేతి అన్నం తిని చదువుకున్నవాడే.

"ఇల్లు మారుతున్నాం వదినా, అంతే. తాళాలు నీ దగ్గరే ఉంటాయి," అన్నాడు.

నెల్లాళ్లు వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని జాబితాలో ఏది ఎందుకుందో అంతా నేర్పింది. పాత తేదీల్లో ఏది రోజో ఏది నెలో తేలకపోతే కాగితం రిజిస్టర్లు దులిపి ఒక్కొక్కటీ చెప్పింది.

కొత్తది మొదలైన రోజు ఒక దాత ఫోన్ నంబరు సరిచేయబోతే, 'మార్చడానికి మీకు అనుమతి లేదు' అని వచ్చింది. పొరపాటనుకుని మరిదికి ఫోన్ చేసింది. నాతో అంతవరకు చెప్పి ఆగింది. నేను ఊరుకుంటానా?

"ఏమన్నాడే?"

"పైవాళ్లు నాకు చూడ్డానికి మాత్రమే అనుమతి ఇమ్మన్నారట పిన్నీ. మొదట్లోనే అన్నారట."

"మరి చెప్పి ఏడవలేదేం?"

"చెబితే నేను నేర్పనేమోనని భయపడ్డాడట."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ కొంగు నలుపుతూ కూర్చుంది.

రెండు రోజులకి కాగితం పట్టుకొచ్చాడు. వివరాలన్నీ సరిగ్గా చేరాయని ఆవిడే సంతకం చేయాలట, లేకపోతే వాడి పని పూర్తయినట్టు కాదట. "పెట్టకు! తిక్క కుదురుతుంది వెధవకి," అని ఎగదోశాను.

"తప్పు లేకుండా చేశాడు పిన్నీ. దొరికితే బాగుండుననే రెండ్రోజులు వెతికాను," అంది.

సంతకం పెట్టేసింది. "థాంక్స్ వదినా," అన్నాడట. "ఆఫీసులో వదినా అనకు," అందట.

మొన్న ఆదివారం వాడు ఇంటికొచ్చాడు. చక్కెర వంకతో నేనూ వెళ్లాను. అన్నం వడ్డించింది, అడిగినవన్నీ వేసింది. పక్కన మాత్రం కూర్చోలేదు. తినడం అయ్యాక వాడే లేచి కంచం కడుక్కున్నాడు. ఆవిడ వద్దనలేదు.