డబ్బా మూతలో తేనె రంగు నూనె

ఈ మధ్య పాత న్యూస్‌పేపర్లు దొరకడం లేదు. వార్తలన్నీ ఫోన్లోనే చూసుకుంటున్నారు. బజ్జీల వాళ్లు ఎలాగో సర్దుకున్నారు గానీ, నాలాంటి కారు మెకానిక్కులకు చిక్కొచ్చి పడింది. కారు కింద రాత్రంతా ఫోన్ పరిచి ఉంచలేం కదా.

ఇది జరిగింది కరోనా తగ్గిన మరుసటి ఏడు, వేసవిలో. నాకు నెల్లూరులో షెడ్డుంది. పిలిస్తే ఇళ్లకు కూడా వెళ్లి పని చేస్తాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివాను. ఈ పనికి అది అడ్డమేమీ కాదు, చాలాసార్లు.

నెల్లూరు దగ్గర, సముద్రపొడ్డున ఉన్న మైపాడులో ప్రభాకర్ సారు రిటైరైన టీచరు. ఆయన పెట్రోలు కారుకు పంతొమ్మిదేళ్లు. భార్య మార్తమ్మ గారికి వారానికి రెండుసార్లు నెల్లూరులో డయాలిసిస్. తిరిగి వచ్చేటప్పుడు ఆమె కూర్చోలేరు, వెనక సీట్లో పడుకునే రావాలి. ఆటోలో అది కుదరదు. ఆ ముసలి కారును ఇంకా ఉంచుకున్నది అందుకే.

సముద్రపు గాలికి ఇనుము నిలవదు. అందుకని మా వైపు ఇంజన్ నుంచి తీసిన నల్ల ఆయిల్ పారబోయకుండా కారు అడుగున స్ప్రే కొట్టిస్తారు. సారు కారుకు నెల ముందే కొత్త ఆయిల్ పోసి, పాతది అడుగున కొట్టింది నేనే. ముందు తుప్పు గీకాలి. గీకలేదు. ఎండగా ఉండింది.

ఆయిల్ కారుతోందని సారు ఫోన్ చేస్తే వెళ్లాను. ఇసుకలో జాకీ దిగబడకుండా చెక్క వేసి, కారెత్తి కిందికి దూరాను. అడుగంతా నల్లగా నిగనిగలాడుతోంది. అందులో లీకు వెతకడమంటే బొగ్గుల కొట్లో కాకిని వెతకడమే. బయటికొచ్చి బానెట్ ఎత్తితే, టాపెట్ కవర్, అంటే ఇంజన్ పైమూత, అంచున చెమ్మ కనిపించింది. దొంగ దొరికాడనుకుని దాని రబ్బరు ప్యాకింగ్ మార్చాను.

మార్తమ్మ గారు ఒక డబ్బా మూత పట్టుకొచ్చారు. "అబ్బయా, ఇది జూడు. రాత్రి కారు కింద పెట్టినా. నువ్వు కొట్టింది నల్లది గదా, ఇదేంది తేనె మాదిరి ఉండాది?"

నవ్వాను. "పైన కారింది కిందికే వస్తుందమ్మా. భూమ్యాకర్షణ. ప్యాకింగ్ మార్చేశా, ఇంక కారదు."

"ఈ రాత్రికి ఇంకోసారి పెట్టి చూస్తే?"

"అక్కర్లేదమ్మా."

"నువ్వూరుకో మార్తా. ఆయన డిగ్రీ చదివినాడు," అన్నారు సారు.

లీకు పట్టే పద్ధతి చిన్నది. అడుగు కిరసనాయిల్‌తో తుడిచి, రాత్రి కింద పేపరు పరచాలి. పొద్దున మరక ఎక్కడుందో, దానికి సూటిగా పైన చూడాలి. మిగతా మెకానిక్కులకు ఈ పద్ధతి నేనే చెబుతుంటాను. ఆ రోజు నేను పరచలేదు. అప్పటికింకా పేపర్లు దొరికేవి.

పదో రోజు డయాలిసిస్‌కు వస్తుంటే సగం దారిలో ఇంజన్ సీజ్ అయింది. ఆయిల్ లేక లోపలి భాగాలు బిగుసుకుపోయాయన్నమాట. ఆయిల్ తగ్గితే వెలగాల్సిన ఎర్ర లైటు ఎప్పుడో మాడిపోయింది. "తర్వాత చూద్దాం లెండి" అన్నదీ నేనే. ఆటో దొరికి ఆస్పత్రికి చేరేసరికి ఆమె మిషన్ మీద ఇంకొకరున్నారు. సాయంత్రానికి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నాలుగు రోజులు ఐసీయూ.

కారు నా షెడ్డుకొచ్చింది. ఈసారి కిరసనాయిల్‌తో తుడిచాను. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టిని మేం చాంబర్ అంటాం. దాన్ని తుప్పు తినేసింది. నేను కొట్టిన నల్ల పూత వెనకాల, ఆవగింజంత చిల్లు. పైనుంచి కారి ఉంటే దారిలో ఆ నలుపంతా కలుపుకుని పడేది; తేనె రంగులో పడిందంటే సూటిగా ఈ చిల్లులోంచే. ఇంజన్ బాగుచేసేలా లేదు. కారు తుక్కుకు పోయింది. ఇప్పుడామె ఆటోలోనే వస్తున్నారు, పడిపోకుండా సారు పట్టుకుంటే.

అప్పట్నుంచి ఏ కారైనా తుడిచి, పేపరు లేకపోతే అట్టపెట్టె చించి పరుస్తున్నాను. నేర్చుకున్నది నేను. ఫీజు ఆమె కట్టారు.

ఆమె ఐసీయూ నుంచి ఇంటికొచ్చాక చూడ్డానికి వెళ్లాను, బత్తాయిలు పట్టుకుని. డయాలిసిస్ వాళ్లు అవి తినకూడదని సారు మెల్లిగా చెప్పారు. అదీ ముందు కనుక్కోలేదు.

"పొరపాటైపోయిందమ్మా," అన్నాను.

మార్తమ్మ గారు వాకిట్లో కారు ఉండిన చోటు వైపు చూస్తూ అన్నారు:

"పొరపాటు కాదబ్బయా. నేను మూత చూపిస్తే నువ్వు మూతను చూళ్లా. నా మొగం చూసి నవ్వినావు."