కిల్‌బ్రోడీ వలన్న

ఖాసిం వలికి ఒకే ఒక్క పిచ్చి. స్కాట్లాండులో నాలుగో డివిజన్లో, అంటే అన్నిటికన్నా అడుగు మెట్టు మీద ఆడే కిల్‌బ్రోడీ రోవర్స్ అనే ఫుట్‌బాల్ జట్టంటే ఆయనకు ప్రాణం. పుట్టింది రాయచోటిలో. చేసేది కువైట్‌లో, షువైఖ్ గ్యారేజీలో గేర్‌బాక్సులు విప్పే పని. ఉండేది ఖైతాన్‌లో, ముగ్గురి గదిలో. స్కాట్లాండుతో చుట్టరికం ఏమిటో ఎవరికీ అంతుబట్టదు.

ఆ గదిలోకి కొత్తగా దిగిన మద్దిలేటికి మంచం చూపించకముందే వలి గోడ మీది కాగితం చూపించాడు. పది జట్ల పేర్లు.

"మనోళ్లు యాడుండారో చెప్పు?"

మద్దిలేటి పైనుంచి వెతకడం మొదలుపెట్టాడు.

"అట్ల చదివితే తెల్లారిపోతాది అబ్బోడా. కింద నుంచి చదువు."

మూడో మంచం కడప ఖాజా హుస్సేన్‌ది. ట్యాక్సీ నడుపుతాడు. వలిని ఏడిపించందే అతనికి చాయ్ దిగదు.

"వలీ భాయ్, మన కిల్‌బిర్యానీ ఈ వారం ఎన్ని గోల్స్ తినింది?"

"నాలుగు."

"ఓడిపోయినారన్నమాట."

"మనోళ్లు ఓడిపోలేదు. వాళ్లు గెలిచినారంతే."

ప్రతి ఓటమికీ వలి దగ్గర ఒక కారణం సిద్ధం. ఒక వారం ఎదురుగాలి. ఇంకో వారం బురద. మరో వారం గోల్‌కీపర్. "పాపం, ఆయప్ప వారమంతా ప్లంబింగ్ పని చేసుకుంటాడు. అలిసిపోడా?"

"కారే నీళ్లను ఆపేటోడు, వచ్చే బంతిని ఆపలేడా?" అన్నాడు ఖాజా. వలి రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

శనివారం సాయంత్రమైతే వలి ఇంకెవరి మాటా వినడు. ఒక ఫోన్లో ఆట, ఇంకో ఫోన్ చెవి దగ్గర. "లెఫ్ట్ సైడ్ గోయింగ్! గోయింగ్! గాన్!" అని రెండు గంటల పాటు ఇంగ్లీషులో అరుపులు. అవతల ఎవరని అడిగితే, "నీకెందుకు లేబ్బా" అంటాడు. ఖాజా మేనకోడలి నిఖా ఫహాహీల్‌లో జరిగింది, అదీ శనివారమే. లోపల ఖాజీ "ఖుబూల్ హై?" అని అడుగుతుండగా, బయట మెట్ల మీది నుంచి "నో! నో! నో!" అని వలి కేక వినిపించింది. పెండ్లికొడుకు వైపువాళ్లు లేచి నిలబడ్డారు. ఇది పెనాల్టీ గొడవేనని వాళ్లను నమ్మించేసరికి బిర్యానీ చల్లారింది.

సీజను ఆఖరి శనివారం వచ్చింది. ఓడితే పదో స్థానం. పదో స్థానమంటే లీగ్‌లో చోటుకే ఎసరు. కనీసం సమం చేస్తే గండం గడుస్తుంది. సరిగ్గా ఆ వారమే దుమ్ము తుఫాను రేగి వలి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట లేదు. ఖాజా డ్యూటీలో ఉన్నాడు. వలి రెండు ఫోన్లూ తెచ్చి మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"నేనా? నాకు ఆటా రాదు, ఇంగ్లీషూ రాదు కదన్నా!"

వలి కాగితం తీసుకుని గబగబా రాశాడు. 'మెక్‌ఫీ సారు. ముప్పై ఏండ్లు ఈడ పనిచేసినాడు. నాకు పని నేర్పింది ఆయనే. ఇప్పుడు కండ్లు పోయినాయి. ఉండే ముసలోళ్ల ఆశ్రమం కిల్‌బ్రోడీ మైదానం పక్క వీధిలోనే. కానీ శనివారం ఆటలు ఆ దేశంలో టీవీలో చూపకూడదంట, బయటి దేశాలోళ్లకే ఫోన్లో చూపుతారు. చూసి చెప్పేవాళ్లు ఆయనకు ఇంకెవరూ లేరు.'

"ఎన్నేండ్ల నుంచి చెప్తాండావు?"

వలి ఆరు వేళ్లు చూపించాడు.

"అంత ఇష్టమా ఈ ఆటంటే?"

వలి తల అడ్డంగా ఊపి, ఒకే మాట రాశాడు. 'క్రికెట్.'

చేయి చాపి రెండో ఫోన్లో నంబరు నొక్కాడు. ఫోన్లోంచి ముసలి గొంతు, "ఖాసిం?"

"ఖాసిం వాయిస్ ఖలాస్ సార్! నేను... ఐ మద్దిలేటి!"

ఆట మొదలైంది. "గ్రీన్ షర్ట్ రన్నింగ్ సార్! యల్లా, యల్లా! మ్యాన్ డౌన్! లెగ్ ఖలాస్! అయ్యయ్యో, లేచినాడు సార్, లేచినాడు!" తెలుగూ, అరబ్బీ, నాలుగు ఇంగ్లీషు ముక్కలూ కలిపి కొట్టాడు. ముప్పై ఏళ్లు కువైట్ ఎండలో ఉన్న మనిషికి అది చాలు. "యల్లా! యల్లా!" అని, కానీయమంటూ అరబ్బీలో, అవతల నుంచి ఆయనా అందుకున్నాడు.

సగం ఆటలోనే మనోళ్లు ఒక గోల్ తిన్నారు. ఇంకా రెండు నిమిషాలే ఉన్నాయనగా గోల్ ముందర పెద్ద గుంపు, తోపులాట. బంతి ఎవరి వీపుకో తగిలి వలలోకి దొర్లింది.

"గోల్ సార్! వీపు గోల్! బ్యాక్ గోల్!" మద్దిలేటి మంచం మీదికి ఎగిరాడు. వలి గొంతులో మాట లేక గోడను గుద్దుతున్నాడు. ఫోన్లో ముసలాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. ఒకటీ ఒకటి. కిల్‌బ్రోడీ తొమ్మిదో స్థానంలో నిలిచింది.

ఆగస్టులో కొత్త సీజను. అప్పటికి వలి గొంతు గంట మాదిరి మోగుతోంది. గొంతు సవరించుకుని ఫోన్ కలిపి, "గుడ్ ఈవినింగ్ సార్" అన్నాడు.

"గుడ్ ఈవినింగ్ ఖాసిం. ఆ యల్లా కుర్రాడు లేడా?"

వలి మొహం మాడ్చుకుని ఫోన్లు మద్దిలేటికిచ్చి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నిమిషాలు కూడా కాలేదు, దిగ్గున లేచి ఫోన్లోకి తొంగి చూశాడు.

"రేయ్, కుడిపక్క ఒకడు ఒంటరిగా నిలబడుండాడు కదరా! సారుకు అది చెప్పవేంది?"