ఏడో మనిషి వీపు

కథలాపూర్ రాజేశం ఖతర్‌కు వచ్చి పద్నాలుగేళ్ళు. ఊళ్ళో వాళ్ళ లెక్కన మాత్రం అతనుండేది దుబాయ్. మొదటి నాలుగేళ్ళు యూనివర్సిటీ కట్టడానికి సిమెంటు మాల్ మోశాడు. కాంట్రాక్టు అయిపోయి ఇంటికి పోయి, మళ్ళీ వేరే కంపెనీ వీసా మీద వచ్చేసరికి, ఆ కంపెనీ వాళ్ళు తీసుకెళ్ళి అదే యూనివర్సిటీ లైబ్రరీలో చాయ్ డ్యూటీలో పెట్టారు. "కట్టినోన్ని నేనే, గిప్పుడు దుమ్ము తుడ్సెటోన్ని నేనే" అని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. అందులో బాధపడాల్సిన సంగతేదీ అతనికి కనిపించలేదు.

లైబ్రరీ కింది అంతస్తులో సుధాకరరావు అనే గుడివాడ పెద్దమనిషి యూనివర్సిటీ పాత కాగితాలనూ ఫొటోలనూ నంబర్లు వేసి పెట్టెల్లో భద్రం చేస్తుంటాడు. పాపం ఆయనకు దుమ్ము పడదు, చూస్తే దుమ్ములోనే ఉద్యోగం. పది తుమ్ములకొక చాయ్ చొప్పున ఇద్దరికీ స్నేహం కుదిరింది.

తొంభై ఆరు చలికాలంలో పాత ఫొటోల ప్రదర్శన తలపెట్టారు. బల్ల నిండా రిబ్బన్లు కత్తిరించే పెద్దలు, గౌన్లు వేసుకున్న విద్యార్థులు. చాయ్ తెచ్చిన రాజేశం ఒక ఫొటో దగ్గర ఆగిపోయాడు. సగం లేచిన గోడ ముందు ఏడుగురు మనుషులు. ఫొటో వెనక 'పనివారు, 1983' అని మాత్రం రాసి ఉంది.

"సార్, గీళ్ళు మావోళ్ళు! గీడు కోరుట్ల, గీడు ధర్మపురి, గా పండ్లికిలిచ్చెటోడు మెట్‌పల్లి!"

"ఊళ్ళ పేర్లు కాదయ్యా, మనుషుల పేర్లు చెప్పు" అన్నాడు సుధాకరరావు.

రాజేశం మళ్ళీ ఫొటో మీదికి వంగాడు. లేబర్ క్యాంప్‌లో అందరినీ ఊరి పేరుతోనే పిలిచేవారు. ఒక్క గదిలో ముగ్గురు రాజేశాలుంటే ఇంకెలా పిలుస్తారు? నాలుగేళ్ళు ఒక్క పళ్ళెంలో తిన్న మనుషుల అసలు పేర్లు తనకు సరిగ్గా తెలియవని ఆ క్షణాన తెలిసొచ్చి సిగ్గుపడ్డాడు.

"చూడు రాజేశం, గోడెక్కే ప్రతి ఫొటోలో ప్రతి మనిషికీ పేరుండాలని నేనే నియమం పెట్టాను. పెద్దవాళ్ళకొకటీ మీకొకటీ పెట్టలేను కదా! శనివారం పొద్దున్న పేర్ల అట్టలు అచ్చుకి వెళ్ళిపోతాయి. ఏడు పేర్లూ తెచ్చావా, గోడ మీదికి. ఒక్కటి తగ్గినా మళ్ళీ పెట్టెలోకే. ఇంతకీ ఇందులో నువ్వెక్కడయ్యా?"

"నేను లేను సార్" అన్నాడు రాజేశం. అందరికంటే ముందు వెతుక్కున్నది తన మొహాన్నేనని మాత్రం చెప్పలేదు.

తాను లేకపోతే పోయె, వాళ్ళన్నా ఉండాలి. గోడ కట్టినవాళ్ళకు ఆ గోడ మీదే జాగా లేకపోవడమేమిటని రోషం వచ్చింది. ఫొటోకు జిరాక్స్ తీయించి జేబులో పెట్టుకుని, డ్యూటీ అయినాక క్యాంప్ తరవాత క్యాంప్ తిరిగాడు. కోరుట్ల అంటే ఫసీయుద్దీన్ అట, ఇప్పుడు అల్ రయ్యాన్‌లో దర్జీ. ధర్మపురి అంటే లింబాద్రి. మెట్‌పల్లి అంటే గజేందర్, ఎక్కడో మదీనత్ అల్ షమాల్‌లో పని. గురువారానికి ఆరు పేర్లు చిక్కాయి.

ఏడోవాడే తల ప్రాణం తోకకు తెచ్చాడు. వాడు కెమెరాకు వీపు తిప్పి నిలబడ్డాడు. నల్లంగీ మీద తెల్లగా ఏదో నాలుగు కాళ్ళ జంతువు బొమ్మ. సుధాకరరావు ఒంటె అన్నాడు. రాజేశం మేక అన్నాడు.

శుక్రవారం ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో చాయ్ దుకాణం ముందు మనవాళ్ళంతా కలుస్తారు. జిరాక్స్ చేతులు మారింది. ఒకడు రాయికల్ వీపన్నాడు, ఇంకొకడు అంత వెడల్పు వీపు రాయికల్‌ది కానే కాదని కొట్టిపారేశాడు. పొద్దు వాలుతుంటే పికప్ దిగి గజేందర్ వచ్చాడు. కాగితం అందుకుని చూశాడు. చూసి, నవ్వాపుకోలేక అరుగు మీద కూలబడ్డాడు.

"గది మేక గాదుర, గాడిద! నేనే గీసిన. సున్నంల ఏలు ముంచి గీసిన!"

"ఎవని ఈపు మీదరా?"

"ఒక్క మాట అనకుంట రెండేసి మూటలు మోసెటోడు మనల ఎవడుండె? నువ్వేర, కథలాపూర్!"

రాజేశం కాగితం లాక్కుని చూశాడు. ఆ రోజు గుర్తొచ్చింది. పొద్దుటి నుంచీ అందరూ తనను చూసి నవ్వుతుంటే, కెమెరా వచ్చిన సంబరం కాబోలనుకుని అందరికంటే ఎక్కువ తానే నవ్వాడు. సాయంత్రం అంగీ ఉతుక్కుంటూ సున్నం మరకలే అనుకున్నాడు. గజేందర్‌ను తిడదామని నోరు తెరిచాడు గానీ నవ్వే వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. తన మొహం కోసం వారం రోజులుగా లోలోపల ఏడ్చినవాడు, పదమూడేళ్ళ నుంచీ తాను అందులోనే ఉన్నానని తెలిసి పట్టరాని సంతోషంతో అందరికీ చాయ్ చెప్పాడు.

శనివారం సుధాకరరావు అట్ట మీద రాసింది పైకి చదివాడు. "చివర, వీపు తిప్పి నిలబడినవారు: రాజేశం, కథలాపూర్. వీపు మీది గాడిద బొమ్మ వేసినవారు: గజేందర్, మెట్‌పల్లి."

"ఊరి పేర్లు సుత రాసిన్రా సార్?"

"మరి మీవాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టొద్దూ?" అని ఆయన తుమ్మాడు.

ప్రదర్శన రోజు గజేందర్, ఫసీయుద్దీన్, లింబాద్రి ఇస్త్రీ చొక్కాలతో వచ్చి ఫొటో పక్కనే కాపలా ఉన్నట్టు నిలబడ్డారు. వచ్చినవాళ్ళు ఫొటోలో మొహాలనూ ఎదుట ఉన్న మొహాలనూ పోల్చి చూసుకుంటున్నారు. చాయ్ ట్రేతో అటువైపు వచ్చిన రాజేశాన్ని ఒక విద్యార్థిని ఆపి, ఇందులో నువ్వెక్కడ అన్నట్టు చేత్తో అడిగింది.

రాజేశం ట్రే బల్ల మీద పెట్టాడు. అంగీ సర్దుకున్నాడు. అందరికీ బాగా కనబడేట్టు వెనక్కి తిరిగి నిలబడ్డాడు.