బేరిగై అత్త రేడియో

మా అత్తకు వినికిడి తగ్గిందని ఆమె చెప్పగా మాకు తెలియలేదు. ఒక రోజు వెళ్లేసరికి రేడియో మీద తువ్వాలు కప్పి ఉంది. దుమ్ము పడుతుందని కప్పానంది. ఎనిమిది నెలలుగా ఆ తువ్వాలు తీయలేదని తరువాత పనిమనిషి చెప్పింది.

అత్త అంటే మా నాన్నకు అక్క. కృష్ణగిరి తంతి ఆఫీసులో చుక్కలు, గీతల మోర్స్ కోడ్ కొట్టి బతికిన మనిషి. రిటైరై బేరిగైలో రోజా తోట చూసుకుంటూ, ఆ వయసులో పరీక్ష రాసి ఇంటి నుంచే దూరంలో ఉన్నవాళ్లతో మాట్లాడుకునే హామ్ రేడియోకి లైసెన్సు తెచ్చుకుంది. రోజూ ఉదయం ఏడింటికి రేడియో ముందు కూర్చునేది. అవతల సామల్పట్టిలో ఒక పెద్దాయన. రైల్వేలో తంతి కొట్టి రిటైరైనవాడు. ఇద్దరూ ఓ అరగంట మోర్స్‌లో టక టకమని మాట్లాడుకునేవారు. వాన పడిందా, మోకాళ్లెలా ఉన్నాయి, ఈసారి మామిడి ఎలా ఉంది, ఇవే మాటలు. ఇరవై ఏళ్ల స్నేహం. ఎదురుగా చూసుకున్నది మాత్రం రెండుసార్లే, రెండూ పెళ్లిళ్లలోనే.

"ఆయనకి ఫోను చేస్తే సరిపోతుంది కదత్తా" అన్నాను.

"ఫోన్లో మటుకు వినపడతాదా ఏమప్పా? చెవికి మిషను పెట్టుకుంటే మనిషి మాట తెలుస్తాది. రేడియోలో కూత, గరగర అంతా ఒకటైపోతాది. చెవుడొచ్చిందని ఆయనకి చెప్పుకోవాలనా? వొద్దు, సుమ్నే ఉండు."

నేను ఊరుకునే రకం కాదు. హోసూరులో యంత్రాలు పరీక్షించే ఉద్యోగం నాది. నాకు తెలియనిది లేదన్నట్టు మాట్లాడతానని ఇంట్లో అందరూ అంటారు, నిజమే. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి తెచ్చి, అందులో రేడియో సాఫ్ట్‌వేర్ వేస్తే మోర్స్ కూతను అదే విని తెరమీద అక్షరాలుగా రాసేస్తుంది. అత్త చదువుకుంటే చాలు, జవాబు ఎలాగూ తన చేత్తోనే కొడుతుంది. ఒక్క ఆదివారంలో అయిపోతుందని మాట ఇచ్చాను.

నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటి వారం బోర్డు లేవనే లేదు. మెమరీ కార్డు పాడైందని తేలేసరికి సాయంత్రమైంది. రెండో వారం సాఫ్ట్‌వేర్ ఎక్కింది కానీ రేడియోలోంచి శబ్దం బోర్డులోకి వెళ్లలేదు. చిన్న సౌండ్ కార్డు తెచ్చి తగిలించాక వెళ్లింది. మూడో వారం శబ్దంతో పాటు బర్రుమని ఒకటే మోత. అత్తకు అది వినపడదు, నాకు మాత్రం తల పగిలిపోయింది. కారణం బోర్డుకు పెట్టిన సెల్‌ఫోను చార్జరు. దాన్ని పీకేసి, ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, ఓల్టేజీ తగ్గించే చిన్న ముక్క మధ్యలో పెట్టి నడిపితే మోత పోయింది. నేను తిడుతున్నంతసేపూ అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. "మిషన్ని తిడితే దానికీ చెవుడే కదప్పా" అంది.

నాలుగో వారం బోర్డు వేడెక్కి నత్తనడక నడిచింది. దాని మీద బరువు తగ్గించాలని తెర మీద తెరిచి ఉన్న అనవసరమైన కిటికీలన్నీ మూసేశాను. అందులో వాటర్‌ఫాల్ అనేది ఒకటి. రేడియోలో వచ్చే శబ్దాన్ని గీతలుగా తెర మీద పై నుంచి కిందికి జార్చే బొమ్మ. చూడ్డానికి బాగుంటుంది, అంతే అనుకున్నాను.

మరుసటి ఉదయం ఏడింటికి సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. అత్త చీర మార్చుకుని వచ్చి తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. సరిగ్గా ఏడింటికి కూత మొదలైంది. అది నాకు వినపడుతోంది. తెర మీద అక్షరాలు పడుతున్నాయి. కానీ అవి మాటలు కావు. ఈ, ఈ, టి, ఐదు, మళ్లీ ఈ. అంతా చెత్త. వేగం మార్చాను, శబ్దం పెంచాను, తగ్గించాను. చెత్తే. ఒళ్లు మండిపోయింది. ఆమె ఆశగా వచ్చి కూర్చున్నందుకు ఇంకా మండింది.

"పోనీలేప్పా. నువ్వు చేసేదంతా చేసినావు" అని అత్త తువ్వాలు చేతిలోకి తీసుకుంది.

శబ్దం సరిగా అందుతోందో లేదో చూద్దామని మూసేసిన కిటికీలన్నీ మళ్లీ తెరిచాను. నల్లని తెర మీద వాటర్‌ఫాల్ జారడం మొదలైంది. మధ్యలో ఒక సన్నని దారి, అందులో పసుపు రంగు చుక్కలు, గీతలు. పొట్టివి, పొడుగువి.

అత్త తువ్వాలు ఒళ్లో పెట్టుకుని ముందుకు వంగింది.

"ఉండు. దేన్నీ ముట్టుకోవద్దు. ఇది కింద నుంచి పైకి చదవాలా?"

"అవునత్తా. ముందు వచ్చింది కిందికి పోతుంది."

ఆమె వేలు తెర మీద కింద నుంచి పైకి పాకింది. పెదవులు కదిలాయి. నేను నాలుగు వారాలు కష్టపడి పెట్టిన అక్షరాల వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"ఆయనే. నా పేరు పెట్టి పిలస్తా ఉండాడు. బాగుండావా అంటాడు. రోజాలు పూసినాయా అంటాడు. దినమ్మూ పిలస్తా ఉండానంటాడప్పా, ఎనిమిది నెలలుగా."

ఇద్దరం ఏడుపూ నవ్వూ కలిసి ఏదో చేశాం. ఇంతలో ఆమె మొహం మారింది. వేలు ఒక చోట ఆగిపోయింది.

"ఈడ చూడు. ఒక చుక్క పడాల్సిన చోట రెండు, మూడు. గీత మధ్యలో తెగిపోతాంది. ఆయన చెయ్యి అట్ల కొట్టే చెయ్యి కాదు. చెయ్యి వణుకుతాంది ఆయనకి. అందుకే నీ మిషనుకి తెలీలేదు."



అవతల కూత ఆగింది. అత్త మోర్స్ కొట్టే కీని దగ్గరకు లాక్కుని కొట్టడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి గాలిలా పోతుందని అందరూ చెప్పేవారు. ఆ రోజు మాత్రం ఒక్కో అక్షరానికీ ఆగి ఆగి కొట్టింది. చాలాసేపు పట్టింది.

"ఏం చెప్పినావత్తా?"

"నాకు చెవుడొచ్చింది, మీరు రొంత నిదానంగా కొడితే గాని నాకు తెలియదు అని చెప్పినాను."

"మరి ఆయన చెయ్యి సంగతి?"

"దాన్ని నేనెందుకప్పా అడగాల? నిదానం నా చెవి కోసమే అనుకోనీ." అంది అత్త. కళ్లు మాత్రం తెర మీద నుంచి తిప్పలేదు.