నూలు లేకుండ నడిచిన సాంచ

మా అవ్వ మీద ఒట్టు, ఇందుల ప్రతి ముక్కా నిజం. నన్నెరిగిన దోస్తులు ఈ మాటకే నవ్వుతరు. నవ్వనీయండి.

1996. సిరిసిల్లల నేను జౌళి శాఖ ఫీల్డ్ అసిస్టెంటును. అంటే కార్మికుల ఇండ్లు తిరిగి, ఎవరి గతి ఎట్లున్నదో ఆఫీసుకు చెప్పేటోణ్ణి. పవర్‌లూమ్‌ను అక్కడ సాంచ అంటరు. సాంచల చప్పుడు ఎంతుంటదంటే, ఆలుమగలు కొట్లాడుకోవాలన్నా అమావాస్య దాకా ఆగేటోళ్లు. ఆ ఒక్క రోజే సాంచలకు సెలవు.

ఆ ఏడు పైదేశాల బట్ట చవకగ దిగింది. బొంబాయి సేట్లు మా దిక్కు చూసుడు బంద్ చేసిండ్రు, నూలు వచ్చుడు ఆగింది. పని పోయినోళ్లకు సర్కారు సాయం చేస్తనన్నది. కొన్ని నెలలు బత్తెం, ఆపైన బడి పిల్లల యూనిఫాం బట్ట నేసే పని. కాకపోతే వెరిఫికేషన్ ఉంటది. పై ఆఫీసరు వచ్చి, సాంచ ఆగిపోయిందని తన కండ్లతోటి చూడాలె.

మొదటి ఇల్లు నర్సయ్యది. రెండు సాంచలు, నూలు కండెలు చుట్టే పెండ్లాం లచ్చవ్వ, చదువుకునే ఇద్దరు పిల్లలు. సాయం రాకుంటే సాంచలను పాత ఇనుము కింద అమ్మి, బొంబాయి దిక్కు భీవండికి కూలికి పోవుడే.

కరీంనగర్ నుంచి ఆఫీసరు జీపుల వచ్చిండు. గల్లీల అడుగు పెట్టంగనే చప్పుడు వినొచ్చింది. నర్సయ్య ఇంట్ల ఒక సాంచ నడుస్తుంది. పనున్నోళ్లకు సాయమెందుకయ్యా అని ఆఫీసరు జీపు దిక్కు మళ్లిండు. జర చాయ్ తాగిపోండ్రి సార్ అని ఆయనను మూలమీది హోటల్ల కూసోబెట్టి, నేను లోపలికి ఉరికిన.

సాంచ మీద ఒక్క పోగు లేదు. పడుగు చుట్టే భీము ఖాళీ, అటుఇటు ఉరికే నాడెల నూలు కండె లేదు. వట్టి సాంచ దడదడ కొట్టుకుంటుంది. నర్సయ్య పక్కన నిలబడి, పోగు తెగుతదేమోనన్నట్టు దాన్నే చూస్తుండు.

ఇదేంది నర్సన్నా అని చెవుల అరిచిన. సాంచ ఆగితే అమావాస్యకు ఆగాలె, లేకుంటే ఇంట్ల మనిషి పోయిన నాడు ఆగాలెనట. పెద్దసారు గడపల కాలు పెడుతుంటే ఆపి కూసునుడు ఎట్లని, పొద్దుగాలనే ఆన్ చేసిండట. కరెంటు బిల్లు ఫికర్ కూడా లేదు.

"గా సారు ముంగట సావింట్ల కూసున్నట్టు కూసోమంటవా సారూ?"

"ఆపకుంటే భీవండి రైలెక్కాలె నర్సన్నా."

"బతికున్న సాంచను సచ్చిందని ఎట్ల సూపెట్టాలె?"

"సచ్చిందని కాదు. పస్తున్నదని సూపెట్టు."

లచ్చవ్వ రాట్నం కాడ కూసోని అంతా ఇంటుంది. నర్సయ్య చెయ్యి సాపి పిడి గుంజిండు. సాంచ ఆగింది.

ఆ ఒక్క ఇంట్ల చప్పుడు ఆగంగనే గల్లీ అంతా వాకిట్లకు వచ్చింది. ఎవరు పోయిండ్రని అడుక్కుంట ఇద్దరు ముసలోళ్లు ఉరికొచ్చిండ్రు, ఒకాయన పాడె మొయ్యనీకి అప్పటికే తువ్వాల నెత్తికి చుట్టుకున్నడు. వాళ్ల ఎనుకనే చాయ్ వదిలేసి ఆఫీసరు.

ఆయన ఖాళీ భీము మీద చెయ్యి పెట్టి చూసిండు. నూలు లేకుంట ఎందుకు నడిపినవని అడిగిండు.

"మీరొస్తున్నరని సార్" అన్నడు నర్సయ్య.

ఆఫీసరు బయటకు నడిచిండు. ఆ గల్లీల చప్పుడు వినొస్తున్న ప్రతి ఇంట్లకూ వంగి లోపలికి పోయి చూసిండు. అన్నీ వట్టి సాంచలే.

బత్తెం వచ్చింది. కొన్నాళ్లకు యూనిఫాం నూలు కూడా దిగింది. నర్సయ్య చిన్నబిడ్డ, బాపు నేసిన బట్టతోటి కుట్టిన అంగీ తొడుక్కొని బడికి పోయింది.

సాయం కావాల్సినోడు ముందుగాల తన ఇల్లు మంచిగున్నట్టే సూపెట్టుకుంటడని నాకు ఆ రోజే తెలిసింది. అటెన్క నేను ఏ ఇంటి సంగతీ గల్లీల నిలబడి తేల్చలే.

ఒట్టు పెట్టిన గనుక ఒక్కటి ఒప్పుకోవాలె. పిడి గుంజింది నర్సయ్య కాదు. ఆయన చెయ్యి లేవలే. లచ్చవ్వ రాట్నం కాడికెల్లి లేచొచ్చి, మొగన్ని పక్కకు జరిపి తనే గుంజింది. నలుగుర్ల నేనే ఆపిన్నని చెప్పు సారూ అని నర్సయ్య బతిమాలితే, ఇన్నేండ్లు అట్లనే చెప్పిన. మొన్న బస్టాండుల ఇద్దరూ కలిసిండ్రు. నర్సయ్య పక్కకు తిరిగి నవ్వుకుంటుండు. లచ్చవ్వ మాత్రం నన్ను నిలబెట్టి అడిగింది.

"ఏం సారూ, నేనాపిన సాంచను ఇంకెన్ని రోజులు ఈయన తోటి ఆపిస్తవ్?"