పాతిక వాట్లతో ఉప్పాడ నుంచి బ్రెజిల్‌కి

మా అమ్మాయి సత్యవేణి బ్రెజిల్‌ని అందుకుందండీ! ఉప్పాడ ఒడ్డున ఇసుకలో కూర్చుని, కేవలం పాతిక వాట్లతో! సరదాకి దేశదేశాల వాళ్ళని పలకరించే హామ్ రేడియో లైసెన్సు తీసుకుని మూడేళ్ళయింది. పోయిన వేసవిలో కంప్యూటర్‌తో అక్షరాలు పంపే డిజిటల్ పద్ధతి మొదలుపెట్టి, మాటలకి వాడినట్టే దీనికీ పూర్తిగా వంద వాట్లు పెట్టేసింది. మనిషి మాట్లాడితే మాటకీ మాటకీ మధ్య సెట్టుకి కాస్త ఊపిరాడుతుంది. డిజిటల్‌లో అలా కాదు, పంపినంతసేపూ పూర్తి బరువు మోస్తూనే ఉంటుంది. లోపలి ట్రాన్సిస్టర్లు కాలిపోయాయి. ఏడాదిపాటు పిల్ల ఆ రేడియో గదిలోకే వెళ్ళలేదు. చివరికి బాగుచేయించి తెచ్చాక, “నాన్నా, సముద్రం ఒడ్డున రేడియో తరంగాలు బాగా సాగుతాయి. ఒక్కసారి వెళ్దాం. ఈసారీ కాలిందంటే లైసెన్సు బీరువాలో పెట్టేస్తాను” అంది. ఆ మాటతోనే బయలుదేరాం.

పెద్దాపురంలో పన్నెండింటికి కాకినాడ బస్సెక్కాం. ఆడవాళ్ళకి టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. నాకు ముప్పై చిల్లర. గంటలో దిగి, రానూపోనూ ఆరు వందలకి ఆటో మాట్లాడాం. డ్రైవరు నూకరాజు మా సామాను చూసి, “బేటరీ, వైర్లు, వెదురు గడ... ఏంటండీ బాబూ ఇదంతా? చేపలకి కరెంటు పెడతారేంటి?” అన్నాడు. “చేపలకి కాదయ్యా, విదేశాలకి” అన్నాను. “ఆయ్, అయితే దుబాయిలో మా బావ ఉన్నాడండి, ఓసారి పిలిచి చూడండి!” అన్నాడు. దారంతా నవ్వుకుంటూనే వెళ్ళాం.

మూడింటికల్లా గడ పాతి తీగ కట్టాం. పంపేటప్పుడు ఎవరూ తీగ ముట్టుకోకూడదని సత్యవేణి చుట్టూ తాడు కట్టింది. సెట్టు పవరు పాతికకి తగ్గించింది. కంప్యూటర్ శబ్దాన్ని కొద్దికొద్దిగా పెంచి, మీటర్లో ఏఎల్‌సీ అనే గీత లేవబోతుండగానే వెనక్కి లాగి ఆపింది. ఆ గీత లేచిందంటే సెట్టుకి మింగలేనంత ముద్ద పెడుతున్నట్టేనట. అంతా సరిచూసుకుని, టీకొట్టు అప్పాయమ్మ వేడివేడిగా దించిన బజ్జీల కోసం లేచింది.

ఇక్కడే నా ఘనకార్యం. నేను ముప్పై ఏళ్ళు మరిడమ్మ జాతరకి మైకులు కట్టినవాణ్ణి. చదివింది ఏడో తరగతి. శబ్దం తక్కువగా ఉందంటే నా చెయ్యి ఊరుకోదు. బ్రెజిల్ అంత దూరానికి ఈ కూనిరాగం ఏం చాలుతుందని కంప్యూటర్లో శబ్దం పైదాకా పెంచేశాను. పిల్ల వచ్చి అరగంట పిలిచింది. ఒక్కరూ పలకలేదు. దాని ముఖం వాడిపోయింది. అప్పుడు మీటరు చూసింది. గీత చివరిదాకా లేచి ఉంది!

“నాన్నా, నువ్వేమైనా ముట్టుకున్నావా?”

“కొంచెమే తల్లీ... వినబడాలని.”

“జాతరనుకున్నావా? పవరు పాతికకి కట్టి ఉంచబట్టి సరిపోయింది. లేకపోతే మళ్ళీ కాలేది!”

వాల్యూం మరీ పెంచితే మైకు గరగరలాడి ఒక్క మాటా అర్థం కాదని నాకు తెలియనిదా! ఆ తప్పే చేశాను. అమ్మాయి శబ్దం తగ్గించింది. గీత పడుకుంది. వెనక చెయ్యి పెట్టి చూస్తే సెట్టు గోరువెచ్చగా ఉంది, అంతే. ఐదుంపావుకి తెర మీద మా అమ్మాయి కాల్‌సైన్, అంటే రేడియోలో దాని పేరు, పక్కన బ్రెజిల్ వాళ్ళ కాల్‌సైన్ వచ్చి నిలబడింది. ఎవరి సిగ్నలు ఎలా అందుతోందో రెండు నిమిషాల్లో ఒకరికొకరు చెప్పుకోవడం పూర్తయింది. నేను అరిచిన అరుపుకి అప్పాయమ్మ గరిటె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. “పెళ్ళి కుదిరిందా అండీ?” “అంతకంటే పెద్దదమ్మా! బ్రెజిల్ పలికింది!” నూకరాజైతే తిరుగు ప్రయాణంలో దారి పొడుగునా హారన్ కొడుతూనే వచ్చాడు.

ఇన్నేళ్ళూ ఎంత గట్టిగా మోగితే అంత గొప్ప అనుకున్నాను. శుభ్రంగా పలికితే చిన్న గొంతయినా భూమికి అవతలి పక్కన వింటారని డెబ్బై ఏళ్ళకి నా కూతురు నేర్పింది. మీరూ వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి: డిజిటల్‌కి సెట్టు పూర్తి పవరులో నాలుగో వంతుతోనే మొదలుపెట్టండి, ఏఎల్‌సీ గీత లేవనివ్వకండి.

ఇక నాకు పనుంది. తుని పెద్దక్కకి, పిఠాపురం బావగారికి, సామర్లకోట వియ్యపురాలికి, భీమవరం తోడల్లుడికి, రాజమండ్రి మేనకోడళ్ళిద్దరికీ, పోయినేడు సెట్టు కాలినప్పుడు పరామర్శకి వచ్చిన చుట్టాలందరికీ ఫోన్లు చెయ్యాలి.